ఉప ఎన్నికలో ఓటు మనిషికే

2025 మార్చి 27న అత్తిలి మండల పరిషత్ కార్యాలయంలో జరగాల్సింది చిన్న పని. ఎంపీటీసీ సభ్యులు వచ్చి కూర్చోవాలి, కోరం సరిపోయిందో లేదో అధికారి చూసుకోవాలి, ఖాళీగా ఉన్న మండలాధ్యక్ష పదవికి చేతులెత్తి ఒకరిని ఎన్నుకోవాలి. గట్టిగా అరగంట కూడా పట్టదు. ఆ రోజు జరిగింది వేరు. మా సభ్యులను బయటికి కదలనివ్వడం లేదని ఒక పార్టీ, సభ్యులను వాళ్లే నిర్బంధించి పెట్టుకున్నారని ఇంకో పార్టీ రోడ్డెక్కాయి. ఊరు ఉద్రిక్తంగా మారింది. ఎన్నిక వాయిదా పడింది. మర్నాడూ జరగలేదు.

ఇంత గొడవలోనూ ఎవరికీ గుర్తుకురానివాడు ఓటరొక్కడే. ఈ ఎంపీటీసీలకు అత్తిలి జనం ఓటేసింది 2021 ఏప్రిల్ 8న. కోర్టు కేసుల వల్ల ఆ ఓట్లు లెక్కపెట్టింది సెప్టెంబరు 19న. ఓటేసి అయిదు నెలలు ఆగి ఫలితం విన్న జనం, తర్వాత తమ సభ్యుడు ఎవరి పక్కన చెయ్యెత్తుతాడోనని టీవీలో చూడాల్సి వచ్చింది.

ఏలూరుది ఇంకా పెద్ద కథ. అక్కడ కార్పొరేషన్ పోలింగ్ 2021 మార్చి 10న జరిగితే లెక్కింపు జులై 25న జరిగింది. ఓటర్ల జాబితా తప్పులతడకగా ఉందని కొందరు హైకోర్టుకెక్కడంతో నాలుగున్నర నెలలు పెట్టెలకు తాళాలు పడ్డాయి. చివరికి 50 డివిజన్లలో 47 వైసీపీకి, మూడు తెలుగుదేశానికి వచ్చాయి. షేక్ నూర్జహాన్ మేయరయ్యారు. 2014లో తెలుగుదేశం తరఫున మేయరైనదీ ఆవిడే. 2024 ఆగస్టులో తిరిగి తెలుగుదేశంలో చేరారు. 2025 ఫిబ్రవరిలో ఖాళీ అయిన రెండు డిప్యూటీ మేయర్ పదవులకు ఎన్నిక పెడితే రెండూ తెలుగుదేశం ఖాతాలో పడ్డాయి. 47-3 అని తీర్పిచ్చిన నగరంలో ఈ మార్పు కోసం ఒక్క ఓటరూ వేలికి సిరా పూయించుకోలేదు.

చట్టం కూడా దీనికి పెద్దగా అడ్డు చెప్పదు. పార్టీ ఫిరాయింపుల మీద రాజ్యాంగంలో ఉన్న పదో షెడ్యూలు పార్లమెంటుకు, శాసనసభలకు వర్తిస్తుంది గాని మండలాలకు, మున్సిపాలిటీలకు కాదు. ఇక్కడ ఉన్నదల్లా ఎంపీపీ, చైర్మన్, మేయర్ లాంటి పదవుల ఎన్నికప్పుడు పార్టీ జారీచేసే విప్. దాన్ని ధిక్కరిస్తే సభ్యత్వం పోవచ్చు. మిగతా రోజుల్లో ఏ కండువా వేసుకు తిరిగినా అడిగేవాడు లేడు.

కాబట్టి వార్డుకో, డివిజన్‌కో నేరుగా ఉప ఎన్నిక వచ్చిందంటే అది ఓటరు చేతికి అరుదుగా దొరికే అవకాశం. ఏలూరులో 45, 46 డివిజన్లకు 2021 నవంబరులో అలాంటి ఉప ఎన్నికే జరిగింది. అదే విడతలో కొల్లేటి అంచునున్న ఆకివీడు కొత్త నగర పంచాయతీగా తన 20 వార్డులకు తొలిసారి ఓటేసింది. ఇలాంటి ఎన్నికతో ప్రభుత్వం పడిపోదు, ముఖ్యమంత్రి మారడు. వార్డులో ఖాళీ అయిన ఒక్క కుర్చీలో, మిగిలిన కాలానికి ఎవరు కూర్చుంటారన్నదే ప్రశ్న. ప్రశ్న అంత చిన్నదైనప్పుడు జవాబు కూడా వార్డులోనే వెతుక్కోవాలి.

కానీ ప్రచారం మొదలైన రోజునుంచీ వినిపించే మాట ఒకటుంది. "పైన ఉన్న పార్టీవాళ్లకేస్తేనే పనులవుతాయండి, లేకపోతే మన వీధికి తట్ట మట్టి కూడా రాదు." వైసీపీ అధికారంలో ఉన్నప్పుడు ఈ మాట చెప్పినవాళ్లు కొందరు ఇప్పుడు తెలుగుదేశం కూటమి కోసం అదే మాట చెబుతున్నారు. ఇందులో నిజం బొత్తిగా లేదనలేం. ఎమ్మెల్యే చెబితే ఇంజినీరు త్వరగా కదులుతాడు, కాంట్రాక్టరు బిల్లు త్వరగా పాసవుతుంది. అయితే మున్సిపాలిటీకి వచ్చే డబ్బంతా ఎమ్మెల్యే జేబులోంచి రాదు. ఇంటిపన్ను, నీటిపన్ను కట్టేది వీధిలోవాళ్లే. కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు పట్టణాలకు ఒక లెక్క ప్రకారం వస్తుంది, అందులో కొంత భాగాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చుపెట్టాలని నిబంధన కూడా ఉంది. ఆ డబ్బు ఎక్కడ ఖర్చవుతోందో కౌన్సిల్ సమావేశంలో లేచి అడిగే నోరు వార్డుకు కావాలి. ఆ నోరు ఏ పార్టీదైనా ఫరవాలేదు.

అడిగేవాడు లేకపోతే ఏమవుతుందో ఏలూరు ఒకసారి చూసింది. 2020 డిసెంబరు 5 నుంచి వన్‌టౌన్ వీధుల్లో జనం ఉన్నట్టుండి మూర్ఛపోయి పడిపోవడం మొదలైంది. నోట్లో నురగ, ఫిట్స్. వారం రోజుల్లో ఆసుపత్రికి చేరినవాళ్లు 600 దాటారు. ఎయిమ్స్ పరీక్షల్లో కొందరి రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. నీళ్లా, కూరగాయలా, పురుగుమందులా అని ఊరంతా తల పట్టుకుంది. అప్పుడు కార్పొరేషన్‌కు ఎన్నికైన పాలకవర్గం లేదు. పాత పాలకవర్గం గడువు 2019లోనే ముగిసింది. ప్రత్యేకాధికారి పాలనలో అధికారులు పని చెయ్యలేదని ఎవరూ అనరు. కానీ మా కుళాయిలో నీళ్లు రంగు మారాయని రాత్రిపూట తలుపు తట్టి చెప్పడానికి వీధికొక కార్పొరేటరు లేడు.

తాడేపల్లిగూడెం, తణుకు, భీమవరం, పాలకొల్లు ఓటర్లకు ఈ బాధ ఇంకా బాగా తెలుసు. 2014 మార్చి 30న ఎన్నుకున్న కౌన్సిళ్ల గడువు 2019లో తీరింది. 2021 మార్చిలో నరసాపురం, నిడదవోలు, కొవ్వూరు ఓటేస్తుంటే ఈ నాలుగు ఊళ్లూ చూస్తూ కూర్చున్నాయి. విలీన గ్రామాల పంచాయితీలు, కోర్టు కేసులు అడ్డుపడ్డాయి. ఓటు లేకపోవడం ఎలా ఉంటుందో ఇంత దగ్గర్లో కనిపిస్తుంటే, ఓటున్న వార్డులో ఉప ఎన్నికే కదా అని ఇంట్లో కూర్చోవడం తగదు.

మరి అభ్యర్థిని ఏమడగాలి? రాజధాని గురించో, ప్రత్యేక హోదా గురించో వార్డు మెంబరును అడిగి లాభం లేదు. ఎండాకాలం కాలువలు కట్టేశాక మంచినీళ్ల చెరువులో ఎన్నాళ్లకు సరిపడా నీళ్లుంటాయో, ఆ తర్వాత ట్యాంకరు ఏ వీధికి ఎన్ని రోజులకొకసారి వస్తుందో అడగాలి. వీధి చివర మురిక్కాలువ ఏ డ్రెయిన్‌లో కలుస్తుందో, ఆఖరికి కొల్లేట్లోకే పోతోందా అని అడగాలి. చెత్తబండి రాని రోజు ఎవరికి ఫోన్ చెయ్యాలో అడగాలి. ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పిన మనిషి వార్డులో తిరిగిన మనిషి. "గెలిచాక చూద్దాం లెండి" అన్నవాడికి వార్డు సరిహద్దులు కూడా తెలిసుండకపోవచ్చు.

మహిళలకు రిజర్వైన వార్డులో ఇంకో ప్రశ్న తప్పదు. రాష్ట్రంలో స్థానిక సంస్థల సీట్లలో సగం ఆడవాళ్లవి. చాలాచోట్ల బ్యాలెట్ మీద ఆవిడ పేరుంటే ఫ్లెక్సీ మీద నిలువెత్తున ఆయన బొమ్మ ఉంటుంది. ఇంటికి ప్రచారానికొచ్చినప్పుడు ఆయన మాట్లాడుతుంటే ఆవిడ వెనక నిలబడి దణ్ణం పెడుతుంది. "అమ్మా, మీరు చెప్పండి" అని ఆవిడనే అడగాలి. కౌన్సిల్ హాల్లో కుర్చీ ఆవిడది.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్నను మాత్రం ఎవరూ అడగడం లేదు. "గెలిచాక పార్టీ మారాలనిపిస్తే ముందు మాకు చెబుతారా?" ఇది నలుగురిలో అడగాల్సిన ప్రశ్న. ఇచ్చిన మాటకు చట్టబద్ధత లేకపోవచ్చు. వీధిలో నలుగురు విన్న మాటకు విలువ మాత్రం ఉంటుంది.

ఇక బూత్ సంగతి. అసెంబ్లీకి బటన్ నొక్కడం అలవాటైన చేతికి బ్యాలెట్ కాగితం కొత్తగా ఉంటుంది. 2021 మున్సిపల్ ఎన్నికలు కాగితం మీదే జరిగాయి. ఎంపీటీసీకి గులాబీ రంగు, జడ్పీటీసీకి తెల్ల రంగు బ్యాలెట్ ఇస్తారు. స్వస్తిక్ ముద్ర అభ్యర్థి గుర్తు మీద ఒక్కసారే వెయ్యాలి. వేలిముద్ర వేసినా, సంతకం పెట్టినా ఓటు చెల్లదు. మడతలో కూడా ఒక కిటుకుంది. ముందు నిలువుగా మడిచి, తర్వాత అడ్డంగా మడవాలి. గుర్తులన్నీ ఒకదాని కింద ఒకటి ఉంటాయి కాబట్టి, ముందే అడ్డంగా మడిస్తే తడి సిరా ఇంకో గుర్తు మీద అంటుకుంటుంది. నిలువుగా మడిస్తే అదే అభ్యర్థి పేరు పక్కన అంటుతుంది, లెక్కించేవాడికి సందేహం రాదు. వెళ్లేసరికి మీ ఓటు ఎవరో వేసేశారంటే తిరిగి వచ్చెయ్యకండి. టెండర్ ఓటు ఇమ్మని అడిగే హక్కుంది. అది సాధారణ లెక్కలో కలవకపోయినా, రేపు కోర్టుకు వెళ్తే దొంగ ఓటు పడిందనడానికి ఆధారం.

స్థానిక ఉప ఎన్నిక ఎంత వేడెక్కుతుందో 2025 ఆగస్టు 12న పులివెందుల జడ్పీటీసీ పోలింగ్ చూపించింది. కొందరు ఓటర్లు పక్క ఊరి బూత్‌కు వెళ్లి ఓటేయాల్సి వచ్చింది. రెండు కేంద్రాల్లో మర్నాడు రీపోలింగ్ జరిగింది. తెలుగుదేశానికి 6,716, వైసీపీకి 683 ఓట్లు వచ్చాయి. గెలిచినవాళ్లు ప్రజాతీర్పన్నారు, ఓడినవాళ్లు అసలు ఎన్నికే జరగలేదన్నారు. ఒక్క జడ్పీటీసీ సీటును రెండు పార్టీలూ రాష్ట్రస్థాయి పరువుగా పెట్టుకుంటే, ఆ మండలంలో రోడ్లేమిటో నీళ్లేమిటో మాట్లాడే తీరిక ఎవరికుంటుంది?

దానికి పూర్తిగా ఎదురు ఉదాహరణ హైదరాబాద్ లింగోజిగూడ. 2020 డిసెంబరు జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో గెలిచిన బీజేపీ కార్పొరేటరు ప్రమాణం చెయ్యకముందే కన్నుమూశారు. 2021 ఏప్రిల్ 30న ఉప ఎన్నిక. అధికారంలో ఉన్న టీఆర్‌ఎస్ పోటీకి దిగలేదు. సానుభూతితో సీటు బీజేపీకే దక్కుతుందని చాలామంది లెక్కేశారు. గెలిచింది కాంగ్రెస్ అభ్యర్థి దర్పల్లి రాజశేఖర్‌రెడ్డి, 1,272 ఓట్ల మెజారిటీతో. ఆయన పార్టీ అప్పట్లో రాష్ట్రంలోనూ, కేంద్రంలోనూ అధికారంలో లేదు. అయినా డివిజన్ ఆయన్నే ఎంచుకుంది. పైనున్న పార్టీ పెద్దరికం పక్కకు తప్పుకుంటే ఓటరు ఎంత స్వేచ్ఛగా ఆలోచిస్తాడో ఈ ఫలితమే చెబుతుంది.

అత్తిలి, ఏలూరు ఓటర్లకు ఒక్క విన్నపం. ఉప ఎన్నిక నోటిఫికేషన్ వచ్చిన రోజే జాబితాలో పేరు చూసుకోండి. అసెంబ్లీ జాబితాలో ఉంది కదా అని ఊరుకోకండి, మీ వీధి ఏ డివిజన్‌లో పడిందో సరిచూడండి. తప్పుంటే అభ్యంతరం గడువులోగా రాసి ఇవ్వండి. జాబితా గొడవతోనే ఏలూరు నాలుగున్నర నెలలు ఫలితం కోసం ఎదురుచూసింది. అభ్యర్థి అఫిడవిట్‌లో కేసులేమున్నాయో, ఆస్తులెన్నో చదవండి. నోటు ఇచ్చినవాడికి ఓటు బాకీ పడ్డామనుకోకండి. మీరు వేసిన గుర్తు రేపు ఆయన మెడలో ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేరు. మంచినీళ్ల కుళాయి ఎండిపోయిన రోజు తలుపు తీసే మనిషెవరో చూసుకుని, ఆ మనిషికి ముద్ర వెయ్యండి.