వేగానికి చెల్లించిన మూల్యం
ఫైర్‌ఫాక్స్ పునర్నిర్మాణం నేర్పుతున్న పాఠాలు

దేశీయ వెబ్ బ్రౌజర్ రూపకల్పన కోసం కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక మంత్రిత్వ శాఖ 2023 ఆగస్టులో ప్రారంభించిన పోటీ ఫలితాలు 2025 మార్చి 20న వెలువడ్డాయి. తమిళనాడుకు చెందిన జోహో సంస్థ కోటి రూపాయల ప్రథమ బహుమతిని గెలుచుకున్నది. ద్వితీయ, తృతీయ బహుమతులు వరుసగా 75 లక్షలు, 50 లక్షల రూపాయలు. మొత్తం పోటీకి కేటాయించిన సొమ్ము మూడు కోట్ల 41 లక్షలు.

బహుమతి ప్రదానంతో కథ సుఖాంతమైనట్లు కాదు. ఇంటర్నెట్‌లోని పేజీలను మన తెర మీదకు తెచ్చే బ్రౌజర్‌ను తయారు చేయడం ఒక ఎత్తు, దానిని ఏళ్ల తరబడి బతికించడం మరొక ఎత్తు. కాలానికి అనుగుణంగా దానిని తిరగగట్టవలసి వచ్చినప్పుడు ఏది నిలుపుకోవాలి, ఏది వదులుకోవాలి అన్న ప్రశ్న తప్పదు. ఈ విషయంలో అమెరికాకు చెందిన మొజిల్లా సంస్థ తన ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌పై చేసిన ప్రయోగం పరిశీలించదగినది.

పాత కట్టడంలోని చిక్కు

2004 నవంబర్‌లో తొలిసారిగా విడుదలైన ఫైర్‌ఫాక్స్, మైక్రోసాఫ్ట్ ఏకచ్ఛత్రాధిపత్యాన్ని సవాలు చేసి ప్రజాదరణ పొందింది. అయితే 2008లో గూగుల్ సంస్థ క్రోమ్‌ను రంగంలోకి దించిన తరువాత పరిస్థితి తారుమారైంది. క్రోమ్ మొదటి నుంచీ పేజీలను వేర్వేరు ప్రక్రియలుగా నడిపేది. ఒక పేజీ మొరాయించినా మిగిలినవి నడిచేవి. ఫైర్‌ఫాక్స్‌లో అన్ని పేజీలదీ ఒకే ప్రక్రియ. ఒకటి ఆగితే అన్నీ ఆగేవి. కంప్యూటర్లలో నాలుగేసి ప్రాసెసర్ కోర్లు వచ్చినా, ఫైర్‌ఫాక్స్ వాటిని పూర్తిగా వినియోగించుకోలేని స్థితి ఏర్పడింది.

ఈ లోపాన్ని సవరించడానికి మొజిల్లా కొన్నేళ్లు శ్రమించి, 2017 నవంబర్ 14న 57వ సంచికను 'క్వాంటమ్' పేరుతో విడుదల చేసింది. పేజీల రూపురేఖలను నిర్ణయించే భాగాన్ని రస్ట్ అనే కొత్త భాషలో తిరిగి రాశారు. ఆ పని ఇప్పుడు అన్ని కోర్ల మీద ఏకకాలంలో సాగుతుంది. ఆరు నెలల కిందటి ఫైర్‌ఫాక్స్ కంటే ఇది రెట్టింపు వేగవంతమైనదనీ, క్రోమ్ కంటే 30 శాతం తక్కువ మెమొరీని వాడుతుందనీ సంస్థ ప్రకటించింది.

వాడి చూసినవారికి మార్పు మొదటి నిమిషంలోనే కనిపించింది. గుండ్రటి ట్యాబ్‌లు చతురస్రాకారమయ్యాయి. కొత్తగా వేసుకున్నవారికి శోధన పెట్టె విడిగా లేదు, చిరునామా పట్టీలోనే కలిసిపోయింది. ఇరవై ట్యాబ్‌లు తెరిచి ఉంచినా ఒకదాని నుంచి మరొకదానికి చురుకుగా మారవచ్చు. పాత కంప్యూటర్‌తో నెట్టుకొస్తున్న గృహస్థులకూ చిన్న కార్యాలయాలకూ ఇది నిజమైన మేలే.

లాభం ఎవరికి? నష్టం ఎవరికి?

ఈ మేలు ఉచితంగా రాలేదు. ఫైర్‌ఫాక్స్‌కు అభిమానులను సంపాదించి పెట్టినవి 'యాడ్-ఆన్‌లు' అనే అదనపు ఉపకరణాలు. ఎక్కడెక్కడి ఔత్సాహికులో తీరిక వేళల్లో తయారు చేసి ఉచితంగా పంచిపెట్టినవి. తెలుగువారికీ వాటితో అనుబంధం ఉన్నది. యూనికోడ్ వ్యాప్తిలోకి రాకముందు తెలుగు పత్రికలు తమ తమ సొంత ఫాంట్లలో పేజీలను ఉంచేవి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అక్షరాలకు బదులు అర్థం లేని గుర్తులు కనిపించేవి. అటువంటి పేజీలను యూనికోడ్‌లోకి మార్చి చదివించిన 'పద్మ' ఫైర్‌ఫాక్స్ యాడ్-ఆనే కావడం గమనార్హం.

పాత యాడ్-ఆన్‌లకు బ్రౌజర్ లోపలి భాగాలన్నింటిలో చేయిపెట్టే స్వేచ్ఛ ఉండేది. వాటి శక్తికి మూలం అదే, సంస్థకు తలనొప్పి కూడా అదే. లోపల ఏ చిన్న మార్పు చేసినా ఏదో ఒక యాడ్-ఆన్ పనిచేయకుండా పోయేది. దుర్బుద్ధితో రాసిన యాడ్-ఆన్ వినియోగదారు సమాచారాన్ని తస్కరించే ప్రమాదమూ ఉండేది. అందుచేత 57వ సంచికతో పాత పద్ధతి యాడ్-ఆన్‌లకు మొజిల్లా తలుపులు మూసింది. క్రోమ్ పద్ధతిని పోలిన కొత్త నిబంధనల ప్రకారం తిరిగి రాసినవాటినే అనుమతించింది.

2015 ఆగస్టులోనే ఈ నిర్ణయాన్ని ముందుగా ప్రకటించిన మాట వాస్తవం. అయినా జీతం భత్యం లేకుండా పనిచేసే రచయితలందరికీ తిరిగి రాసే ఓపిక ఉండదు కదా! 'నోస్క్రిప్ట్' కొద్ది రోజుల్లోనే కొత్త రూపంలో తిరిగివచ్చింది. పెద్ద ఫైళ్లను దింపుకోవడానికి వాడే 'డౌన్‌దెమాల్' 2019లో గానీ రాలేదు, వచ్చినా కొన్ని సదుపాయాలు కోల్పోయి వచ్చింది. మరెన్నో అసలు రానేలేదు. పాతవాటిని వదులుకోలేనివారు 'పేల్‌మూన్' వంటి చిన్న బ్రౌజర్లను ఆశ్రయించారు. కొద్దిమంది నడిపే అటువంటి బ్రౌజర్లకు భద్రతా సవరణల భారం మరింత ఎక్కువ.

మెమొరీకీ భద్రతకూ మధ్య

లెక్క అంతటితో తేలలేదు. తక్కువ మెమొరీ వాడటం కోసం ఫైర్‌ఫాక్స్ ప్రారంభంలో నాలుగు ప్రక్రియలలోనే పేజీలన్నింటినీ సర్దింది. 2018 జనవరిలో 'స్పెక్టర్', 'మెల్ట్‌డౌన్' పేరిట ప్రాసెసర్లలోని లోపాలు బయటపడ్డాయి. ఒకే ప్రక్రియలో ఉన్న రెండు సైట్లలో ఒకటి మరొకదాని రహస్యాలను చదవగల అవకాశం ఉన్నదని తేలింది. దరిమిలా ప్రతి సైటునూ విడి ప్రక్రియలో ఉంచే ఏర్పాటు ఫైర్‌ఫాక్స్‌లో 2021 చివరిలో అమలులోకి వచ్చింది. భద్రత పెరిగింది, మెమొరీ అవసరమూ పెరిగింది. ఆనాటి పొదుపు ప్రకటన ఆనాటికే పరిమితమని గ్రహించాలి.

ఫోన్‌లో మరో పరీక్ష

ఇదే ఉదంతం 2020 ఆగస్టులో ఆండ్రాయిడ్ ఫోన్లలో పునరావృతమైంది. ఫోన్ ఫైర్‌ఫాక్స్‌ను పూర్తిగా మార్చి, చిరునామా పట్టీని బొటనవేలికి అందేలా తెర అడుగు భాగానికి తెచ్చారు. వేగం మెరుగుపడింది. అయితే విడుదల నాటికి పనిచేసిన యాడ్-ఆన్‌లు పదికి లోపే. అలవాటైన సదుపాయాలు మాయమైనందుకు పాత వినియోగదారులు ఆగ్రహం వ్యక్తం చేశారు. యాడ్-ఆన్‌లకు తిరిగి తలుపులు బార్లా తెరిచేసరికి 2023 డిసెంబర్ వచ్చింది. మూడేళ్లు దాటిన నిరీక్షణ!

వేగం పెరిగినా వాటా పెరగలేదు

ఇంత చేసినా ఫైర్‌ఫాక్స్ పూర్వ వైభవాన్ని తిరిగి పొందలేదు. ఒకప్పుడు సుమారు 30 శాతానికి చేరిన దాని వాటా నేడు రెండు, మూడు శాతానికి దిగజారింది. ప్రపంచ వినియోగంలో దాదాపు మూడింట రెండు వంతులు క్రోమ్‌దే. ఇందుకు కారణం నాణ్యత ఒక్కటే కాదు. కొత్తగా కొన్న ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్రోమ్ ముందే ఉంటుంది. చేతిలో ఉన్నదానిని వదలి మరొకటి వెదికేవారు ఎందరు? ఆండ్రాయిడ్ రంగంలో ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేసినందుకు భారత కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబర్‌లో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించిన సంగతి విదితమే.

విచిత్రమేమిటంటే, మొజిల్లా రాబడిలో అత్యధిక భాగం శోధన ఒప్పందం కింద గూగుల్ చెల్లించే సొమ్మే. గూగుల్ శోధన రంగంలో చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలుపుకొన్నదని అమెరికా న్యాయమూర్తి అమిత్ మెహతా 2024 ఆగస్టులో తీర్పు చెప్పారు. 2025 సెప్టెంబర్‌లో ఇచ్చిన ఆదేశాలలో మాత్రం ప్రత్యేక హక్కుల ఒప్పందాలను నిషేధించి, చెల్లింపులను పూర్తిగా ఆపలేదు. ప్రత్యర్థి చెల్లించే పైకంతో బతకడం ఎంత అనిశ్చితమో చెప్పనవసరం లేదు. 2020 ఆగస్టులో మొజిల్లా సుమారు 250 మంది సిబ్బందిని తొలగించింది. 'క్వాంటమ్'కు బీజం వేసిన పరిశోధక బృందం కూడా ఆ వేటు తప్పించుకోలేదు.

మనకు పాఠం

బ్రౌజర్‌కు గుండెకాయ వంటిది దాని ఇంజన్. మైక్రోసాఫ్ట్ అంతటి సంస్థ 2018 డిసెంబర్‌లో సొంత ఇంజన్‌ను వదలుకొని, గూగుల్ ముందుండి నడిపే క్రోమియంను స్వీకరించనున్నట్లు ప్రకటించింది. జోహో 2023లో విడుదల చేసిన 'ఉలా' బ్రౌజర్ పునాది కూడా క్రోమియమే. ఇందులో తప్పేమీ లేదు. కొత్త ఇంజన్ నిర్మాణానికి అయ్యే వ్యయం ముందు మూడు కోట్ల 41 లక్షలు ఏ మూలకు? అయితే పైకప్పు మనదైనా పునాదిపై నిర్ణయాధికారం వేరొకరిదని మరవరాదు. యాడ్-ఆన్‌ల నిబంధనలను గూగుల్ మార్చినప్పుడు ప్రకటనల నిరోధకాలు ఏమయ్యాయో 2024, 2025 సంవత్సరాలలో క్రోమ్ వాడినవారికి అనుభవమే.

మన ప్రభుత్వ పోటీలో ప్రధానమైన షరతు ఒకటి ఉన్నది. ఏ సైటు అసలైనదో నిర్ధారించే ధ్రువపత్రాల జాబితాలో భారతీయ మూల ధ్రువపత్రానికి చోటు కల్పించాలి. స్వావలంబన దృష్ట్యా ఈ కోరిక సమంజసమే. కానీ 2014 జూలైలో జాతీయ సమాచార కేంద్రం ధ్రువీకరణ వ్యవస్థ నుంచి గూగుల్, యాహూ పేర్లతో అనధికార ధ్రువపత్రాలు జారీ అయినట్లు బయటపడిన ఉదంతాన్ని విస్మరించరాదు. నాడు ఫైర్‌ఫాక్స్‌కు ఆ బెడద తగలకపోవడానికి కారణం, అది తన సొంత జాబితానే నమ్మడం. అందులో భారతీయ మూల ధ్రువపత్రం లేకపోవడమే ఆనాడు రక్షణ అయింది! దేశీయ బ్రౌజర్ పట్ల విశ్వాసం కలగాలంటే ఆ జాబితాను ఎవరు, ఏ నియమాలతో పర్యవేక్షిస్తారో బహిరంగంగా తెలియజేయాలి.

కొత్త బ్రౌజర్‌ను పరీక్షించదలచినవారు వేగం ఒక్కటే చూసి మోసపోరాదు. వారం రోజులు తమ నిత్యకృత్యాలన్నీ దానిలో చేసి చూడాలి. బ్యాంకు లావాదేవీ, రైలు టికెట్, తెలుగు పేజీల పఠనం, పాత సంకేతపదాల బదిలీ సజావుగా సాగాయా అన్నది గమనించాలి. నచ్చకపోతే తమ సమాచారంతో సహా వెలుపలికి రాగలరా అన్నది అన్నింటికన్నా ముఖ్యం. ఆ దారి తెరిచి ఉన్నంతవరకే వినియోగదారుకు ఎంపిక హక్కు మిగిలి ఉంటుంది.