పొగగొట్టములోని పరదేశ లోహములు

సికింద్రాబాదునుండి కరీంనగరమునకు బోవు రాజీవ్ రహదారి అల్వాలు మీదుగా సాగుచున్నది. ఆ దారిన పొగ గ్రక్కుచు పోవు కార్ల పొగగొట్టములలో, బంగారముకన్నను అరుదైన రోడియము, దాని తోబుట్టువులవంటి ప్లాటినము, పల్లాడియములు దాగియున్నవని మనలో నెందరెరుగుదురు? 1995లో నాలుగు మహానగరముల క్రొత్త పెట్రోలు కార్లకు ఉత్ప్రేరక పరివర్తకము విధింపబడినది. 2020 ఏప్రిల్ 1న వచ్చిన బి.ఎస్. ఆరు నియమములతో దాని పని మరింత కఠినమైనది. పల్లాడియము, ప్లాటినములు కార్బన్ మోనాక్సైడను విషవాయువును దహించును. రోడియము నత్రజని ఆక్సైడులను విరుగగొట్టును.

లోహము ముద్దగా నున్న ఈ పని సాగదు. ఘన సెంటీమీటరు ముక్కకు ఉపరితలము 6 చదరపు సెంటీమీటర్లే. దానినే 10 నానోమీటర్ల ఘనములుగా తరిగినచో 600 చదరపు మీటర్లగును, అనగా 700 గజములకు పైమాటే. నేడు అల్వాలులో అంత స్థలముగలవాడు భాగ్యవంతుడు! చర్య జరుగునది ఉపరితలముననే గనుక లోపల దాగిన పరమాణువు వట్టి దండుగ.

అయితే చిన్నకణములు వేడికి కూడుకొని పెద్దవగును. డీసెలు పొగలో ఒంటరి ప్లాటినమునకు పట్టు గతి యిదియే. పల్లాడియము కలిపినచో ఈ చేటు తగ్గును. నికెలు, రాగివంటి చవుకలోహమును గర్భమున నుంచి, విలువగల లోహమును పైన పలుచగా పరచు పద్ధతియు గలదు. ఇందు పొదుపొక్కటియే కాదు, లోపలిలోహము పైదాని స్వభావమునే మార్చును. వాయువును గట్టిగా పట్టినచో విడువదు, పట్టకున్నచో చర్యయే లేదు; ఆ పట్టును సరిదిద్దుటయే రెండులోహముల కూడికలోని కిటుకు. కాని ప్రాణవాయువు తగిలినచోట చవుకలోహము పైకి తేలి పూతను చెరుచుటయు గలదు.

ప్లాటినములో అధికభాగము దక్షిణాఫ్రికా గనులది. పల్లాడియమునకు ఆ దేశమును, రష్యాయును దిక్కు. మనము దాదాపు పూర్తిగా దిగుమతిదారులము. 2021 మార్చిలో రోడియము ఔన్సు 29 వేల డాలర్లు దాటినది. ఇట్టి పరాధీనతకు విరుగుడు వెదకదగిన విద్వాంసులు అల్వాలునకు కొలదిమైళ్లలో, తార్నాకలోనే యున్నారు. నిజాము కాలమున 1944లో పుట్టి, 1956లో కేంద్రపు శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలిలో చేరిన పరిశోధనాలయమే నేటి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ. ఉత్ప్రేరకశాస్త్రమున దానికి చిరకాలపు పేరున్నది. గాజుకుప్పెలో మిల్లీగ్రాములుగా సిద్ధించిన కణమును కార్ఖానాలో మణుగులకొలది చేయుటకు సొమ్ము పెట్టవలసినవారు మన పారిశ్రామికులు.

మరొక మాట. కలిపిన లోహములను మరల విడదీయుట కష్టము. కూర్చునపుడే విడదీయు తెరువును ఆలోచింపవలెను. అంతవరకు, పాతబండిని తూకమునకు అమ్ముకొను పెద్దమనుష్యుడు, పొగగొట్టములోని ఆ పింగాణి తేనెపట్టును ఇనుము ధరకు ఇచ్చివేయకుండుట మేలు.