సంచీ మీద ముద్ర, వేలి మీద మచ్చ



ఛందస్సు గురించో, మా సిక్కోలు పలుకుబడుల గురించో రాసుకునే ఈ పదవీవిరమణ చేసిన తెలుగు పంతులు ఇవాళ కంపెనీల జోలికి ఎందుకు పోయాడని మీకు ఆశ్చర్యం కలుగవచ్చు. కారణం ఉన్నది. నా పూర్వ విద్యార్థి ఒకడు విశాఖపట్నంలో ఒక పెద్ద సంస్థలో పనిచేస్తున్నాడు. వారి సుస్థిరతా నివేదికకు తెలుగు సంక్షిప్త ప్రతి వేస్తున్నారట. "మాస్టారూ, మాటలు సరిగా పడ్డాయో లేదో ఒక్కసారి చూసిపెట్టండి" అని నాకు పంపాడు. శిష్యవాత్సల్యం కొద్దీ మొదటినుంచి చివరిదాకా చదివాను.

అందులో పిల్లల ఛాయాచిత్రాలు లెక్కపెట్టాను. పదిహేడు. మొక్క నాటుతున్న పాప, చేతులు కడుక్కుంటున్న బాబు, కొత్త సంచీలు తగిలించుకుని నవ్వుతున్న తరగతి. ఇక పిల్లలను గురించిన అంకెల కోసం వెతికాను. ఒక్క పట్టికలో ఒక్క వరుస దొరికింది. బాలకార్మికులపై అందిన ఫిర్యాదులు సున్న, పరిష్కరించవలసినవి సున్న. "మాటలు బాగానే పడ్డాయి నాయనా, లెక్కే పడలేదు" అని జవాబు రాశాను. వాడు నొచ్చుకున్నాడు. "ఫిర్యాదు రాకపోతే సున్న అనే కదండీ రాయాలి మాస్టారూ!" అన్నాడు. వాడికి ఇవ్వవలసిన సమాధానం పెద్దదై ఈ టపాగా పరిణమించింది.

లెక్క అనగానే విజయనగరం వైపు వాడెవడికైనా గురజాడవారు గుర్తుకు రావాలి. కన్యాశుల్కం 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయింది. నాటకం అందరూ చదువుతారు గాని పీఠిక చదివేవారు తక్కువ. నాటి విశాఖపట్టణం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన శుల్కవివాహాల పట్టికను విజయనగరం మహారాజావారు తయారు చేయించగా 1034 లెక్కతేలినట్లు ఆ పీఠికలో ఉన్నది. పెళ్ళినాటికి అయిదేళ్ళున్న పిల్లలు 99 మంది. ఏడాది వయసువారు ముగ్గురు. ఏ పసిగుడ్డు వచ్చి ఫిర్యాదు చేసిందని ఆ పట్టిక రాశారు? ఎవరూ ఫిర్యాదు చేయరు గనుకనే వెళ్ళి లెక్కపెట్టారు. నూటపాతికేళ్ళకు పైబడిన ఆ కాగితానికి ఉన్న నిజాయితీ ఈనాటి రంగుల నివేదికలకు లేదని నా మొదటి ఆరోపణ.

ఇది వ్యక్తులపై చేస్తున్న ఆరోపణ కాదు, పద్ధతిపై. మన సెబీ 2021లో తెచ్చిన వ్యాపార బాధ్యత, సుస్థిరతా నివేదిక 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలకు తప్పనిసరి అయింది. అందులో ఫిర్యాదుల సంఖ్య చెప్పడం తప్పనిసరి భాగం. సరుకులిచ్చే గుత్తేదారుల దగ్గర పిల్లలున్నారో లేదో చూశారా అన్న ప్రశ్న మాత్రం ఇష్టమైతే నింపే భాగంలో ఉన్నది. పిల్లలు కంపెనీ ఆఫీసులో ఉంటారా? నాలుగు చేతులు మారిన తరువాత, ఆ చివరి చేతి కింద ఉంటారు. చూడవలసిన చోటు ఐచ్ఛికం, చూడనక్కరలేని చోటు నిర్బంధం!

ఇక నా సొంత పాపం చెప్పుకుంటాను.

పలాస ప్రాంతంలో ఒక ఉన్నత పాఠశాలలో నేను కొంతకాలం పనిచేశాను. అక్కడ జీడిపరిశ్రమ సంగతి తెలియనివారికి నాలుగు మాటలు. పిక్కను ఉడికించి, కోసి, పప్పును వేడికి ఆరబెట్టి, పైనున్న పలుచని పొర తీయాలి. పెంకులోని జీడి చర్మాన్ని కాలుస్తుంది. నల్లని మచ్చ చాలా రోజులు పోదు. పప్పుకు ధర దాని పరిమాణాన్ని బట్టి, విరగకుండా ఉండడాన్ని బట్టి. 320 రకం అంటే పౌనుకు దాదాపు అన్ని గుండుపప్పులు తూగుతాయని అర్థం. విరిగితే బద్ద, ధర పడిపోతుంది. అందుచేత పొర తీసే చేతికి నేర్పు కావాలి, ఓర్పు కావాలి. కూలి మాత్రం రోజుకు కాదు, తూకానికి.

ఆ ఊళ్ళో ఒకనాడు ఒక సంస్థవారు మా బడిలో సంచీలు పంచారు. రెండు శాతం సొమ్ము అన్నమాట. సంచీ మీద పిల్లవాడి పేరు రాసుకోవడానికి చోటు లేదు గాని సంస్థ ముద్ర జానెడు ఉన్నది. ప్రధానోపాధ్యాయులు ఆజ్ఞాపించగా నేను సీసపద్యం చెప్పాను, దాతలను శిబితోను, కర్ణునితోను పోలుస్తూ. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు.

మరునాడు ఎనిమిదో తరగతిలో తెలివైన పిల్ల ఒకతె రాలేదు. ఆ వారమంతా రాలేదు. ఇంటికి వెళ్ళాను. తల్లీ కూతురూ ఎదురెదురుగా కూర్చుని పప్పు పొర తీస్తున్నారు. ఆ కొత్త సంచీ మేకుకు వేలాడుతున్నది. "ఏటి సేత్తాం బాబూ, నానొక్కదాన్నే తీస్తే పూట గడవదు. పిల్ల కూడా కూకుంటేనే తూకం తెగుతాది" అన్నది తల్లి. ఆ పిల్ల తల ఎత్తలేదు. నాకు కనబడింది దాని వేళ్ళే. చూపుడువేలికీ బొటనవేలికీ నల్లని మచ్చలు. కలం పట్టే వేళ్ళు అవే.

నేనేం చేశాను? తిరిగి వచ్చి హాజరుపట్టీలో ఆ వారమంతా ఆమెకు హాజరు వేశాను. హాజరు తగ్గితే సంజాయిషీ చెప్పుకోవాలి గనుక. కంపెనీవారి సున్నను వెక్కిరించే అర్హత నాకెంతవరకు ఉన్నదో మీరే నిర్ణయించండి. ఆ సున్న ఎలా తయారవుతుందో మాత్రం నాకు లోపలినుంచి తెలుసు. ఒక పంతులు వేసిన హాజరు, ఒక గుత్తేదారు చేసిన సంతకం, ఒక అధికారి చూడని గుమ్మం. ఇన్ని అబద్ధాలు కలిస్తే ఒక సున్న అవుతుంది.

"అది కుటుంబవృత్తి కదా, చట్టమే ఒప్పుకున్నది" అంటారు. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ పద్నాలుగేళ్ళలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదన్నది. అపాయకరం కాని కుటుంబ వ్యాపారంలో బడి వేళల తరువాత, సెలవుల్లో సాయపడవచ్చునని మినహాయింపు ఇచ్చింది. సరే. కుటుంబ వ్యాపారమంటే ఏమిటి? పిక్క వర్తకునిది. పప్పు వర్తకునిది. ధర వర్తకుడు నిర్ణయిస్తాడు. రాలిన పొట్టు మాత్రం ఆ ఇంటిది. పొట్టు మిగిలినంత మాత్రాన అది కుటుంబ వ్యాపారం అవుతుందా?

"పేదరికం పోతేగాని పిల్లల పని పోదు" అన్నది రెండవ వాదన. ఇది విని విని చెవులు తడకలు కట్టాయి. తొంభైలనుంచి రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ పక్షాన శాంతా సిన్హాగారు చేసి చూపించినది దీనికి జవాబు. బడికి రాని ప్రతి పిల్లా శ్రామికురాలేనని వారి సిద్ధాంతం. పేదరికం పోయేదాకా ఆగలేదు. ముందు పిల్లలను బడికి తెచ్చారు. 2003లో ఆమెకు మెగసెసే పురస్కారం వచ్చింది. పిల్ల పని మానితే పెద్దల కూలికి గిరాకీ పెరుగుతుంది. పిల్ల చౌకగా దొరికినంతకాలం తల్లి కూలి పెరగదు. పేదరికం వల్ల పిల్లల పని అన్నది సగం సత్యం. పిల్లల పని వల్ల పేదరికం అన్నది తక్కిన సగం.

మూడవ వాదన పెద్ద కంపెనీలది. "మేము ఎవరినీ పనిలో పెట్టలేదు, కింద ఎవరో పెట్టారు." ఈ మాటకు ఎంత విలువ ఉన్నదో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలోనే తేలిపోయింది. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల సంకర పత్తివిత్తనాల సంగతి గుర్తు తెచ్చుకోండి. సాయంత్రం మొగ్గలోని కేసరాలు తీసివేయాలి, మరునాటి ఉదయం మగపువ్వు పుప్పొడి అద్దాలి. మొగ్గ మొగ్గకూ చేతితోనే. ఆ పనికి ఆడపిల్లలను పెట్టేవారు. వారి వేళ్ళు సున్నితం, వారి ఎత్తు మొక్కకు సరిపోతుంది అనేవారు. మా పలాసలో విన్న మాటే! పిల్లల వేళ్ళను ఇంతగా పొగిడే దేశంలో వాటికి బలపం ఇవ్వడానికి మాత్రం చేతులు రావు.

డాక్టర్ దావులూరి వెంకటేశ్వర్లుగారు ఈ పొలాలపై పరిశోధించి 2003లో ప్రచురించిన నివేదిక బహుళజాతి విత్తన సంస్థల పేర్లను బయటపెట్టింది. మొదట వినిపించిన సమాధానం పైదే. రైతు వేరు, ఆర్గనైజరు వేరు, మేము వేరు. కాని మూలవిత్తనం ఇచ్చేది కంపెనీ. కొనేది కంపెనీ. ధర కట్టేది కంపెనీ. ఆ ధరకు పెద్దల కూలి ఇస్తే రైతుకు గిట్టుబాటు కాదని వెంకటేశ్వర్లుగారి తదుపరి పరిశీలన తేల్చింది. అంటే పిల్లను పొలంలోకి దించినది రైతు చెయ్యే అయినా, తోసినది ధర. ఒత్తిడి పెరిగిన తరువాత బేయర్ వంటి సంస్థలు పొలాలలో తనిఖీలు పెట్టాయి, పిల్లలను పెట్టని రైతుకు ప్రోత్సాహకం ఇచ్చాయి, పదేపదే పెట్టినవారితో ఒప్పందాలు వదులుకున్నాయి. ఆ సంస్థల పొలాలలో పిల్లల సంఖ్య తగ్గింది. పత్తిచేలలో సమస్య పూర్తిగా పోలేదు. తరువాతి నివేదికలూ అదే చెప్పాయి. అయినా ఒక సంగతి రుజువైంది. కంపెనీ తలచుకుంటే నాలుగు చేతుల అవతలి పొలం కూడా దానికి కనబడుతుంది. కనబడదన్నది కంటిజబ్బు కాదు.

ఇప్పుడు "సామాజిక బాధ్యత" అన్న మాటకు వద్దాం. బాధ్యశబ్దం బాధ నుంచి వచ్చినదే. తప్పించుకోవీలులేక ఒత్తిడికి లోబడవలసినదని దాని మూలార్థం. మనవాళ్ళు దానిని దానానికి పర్యాయపదం చేసేశారు. 2013 నాటి కంపెనీల చట్టం, 135వ సెక్షను, 2014 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చినది, ఒక స్థాయికి మించిన సంస్థలు గత మూడేళ్ళ సగటు లాభంలో రెండు శాతం వెచ్చించాలన్నది. ఇందులో ఒక విశేషం చాలామంది గమనించరు. మామూలు వ్యాపారంలో భాగమైన ఖర్చును, ఉద్యోగులకు మేలు చేసే ఖర్చును ఈ రెండు శాతంలో చూపడానికి వీల్లేదని దాని నియమాలే చెబుతున్నాయి. దీని అర్థమేమిటి? పనివాళ్ళ పిల్లలకు శిశుగృహం, తల్లికి సరైన కూలి, పెట్టకూడని చోట పిల్లను పెట్టకపోవడం, ఇవి దానం కావు, ఋణం. ఋణం తీర్చకుండా దానం చేసేవాడిని ధర్మశాస్త్రం మెచ్చదు, లోకం కూడా మెచ్చదు. ఆవును చంపి చెప్పులు దానం చేసినట్లు అని మనకు సామెత ఊరికే పుట్టలేదు.

తొంభై ఎనిమిది శాతాన్ని గురించి అడగకుండా రెండు శాతాన్ని పొగిడే పద్యాలు నేనూ రాశాను. ఇక రాయను.

ఐక్యరాజ్యసమితి 1989లో బాలల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. మన దేశం 1992లో అందులో చేరింది. 2012లో యునిసెఫ్, గ్లోబల్ కాంపాక్ట్, సేవ్ ద చిల్డ్రన్ కలిసి వ్యాపారసంస్థలకు పది సూత్రాలు ప్రకటించాయి. బాలకార్మికతను నిర్మూలించడం వాటిలో ఒకటి మాత్రమే. తల్లిదండ్రులకు గౌరవప్రదమైన పని, సురక్షితమైన సరుకు, పిల్లలను కించపరచని ప్రకటన, భూమి సేకరించేటప్పుడు పిల్లల సంగతి, ఇవీ ఉన్నాయి. చివరిదానిని మా జిల్లాకు అన్వయించి చూడండి. 2010 జులై 14న సోంపేట బీలలో విద్యుత్కేంద్రం వద్దన్న జనంపై కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఆ ప్రాజెక్టుకు ఇచ్చిన పర్యావరణ అనుమతి అదే రోజున రద్దయింది. బీల ఎండిపోతే నీళ్ళు ఎవరికి ఉండవు? ఓటు లేనివారికి, సభలో మైకు అందనివారికి. పిల్లల హక్కు నీటిలోనూ, నేలలోనూ ఉన్నది. సంచీలో మాత్రమే లేదు.

నా శిష్యుడు "అయితే ఏం చేయమంటారు మాస్టారూ?" అని అడిగాడు. అడిగినందుకు సంతోషం. తూకం కూలి ఒక్క మనిషి ఎనిమిది గంటల పనికి కనీస వేతనం పడేలా ఉండాలి. పిల్ల చెయ్యి కలిస్తేగాని తెగని తూకం నేరమని ఒప్పందంలోనే రాయాలి. ఇళ్ళకు వెళ్ళే సరుకును కూడా పద్దులో చూపి, ఆ ఇళ్ళలో బడి ఈడు పిల్లలెందరో లెక్కపెట్టాలి. ఆ లెక్కను బడి హాజరుతో పోల్చాలి. అబద్ధపు హాజరు వేసే పంతుళ్ళకు కూడా అది మంచి మందు. దొరికిన పిల్లను బయటకు గెంటి చేతులు దులుపుకోకుండా, బడిలో కుదురుకునేదాకా తల్లికి నష్టపోయిన కూలి ఇవ్వాలి. ఇవన్నీ చేసిన తరువాత నివేదికలో సున్న బదులు నలభై ఏడు అని వచ్చినా సిగ్గుపడనక్కరలేదు. నలభై ఏడు అన్న కంపెనీని నేను నమ్ముతాను. సున్న అన్నవాడిని ఒకసారి పలాస రమ్మంటాను.

ఆ పిల్ల ఇప్పుడెక్కడున్నదో నాకు తెలియదు. పదో తరగతి పట్టికలో ఆమె పేరు రాలేదన్నది మాత్రం తెలుసు. నా హాజరుపట్టీ ప్రకారం ఆమె ఒక్కరోజు కూడా బడి మానలేదు.

నా వాదంలో దోషముంటే మొహమాటం లేకుండా ఖండించండి. పరిశ్రమల్లో పనిచేసే మిత్రులు మరీ ముఖ్యంగా. ఇంతే సంగతులు, చిత్తగించవలెను.