ఉల్లిగడ్డకు అరబీ మాట

ఉల్లి చేయు మేలు తల్లియుఁ జేయదని మన సామెత. ఆ ఉల్లి పరదేశమున నే పేరఁ బిలువఁబడునో యెఱుఁగనివాఁడు అచ్చటి వంటయింటనే మూఁగవాఁడగును.

1973వ సంవత్సరమున చమురు వెల హెచ్చిన పిమ్మట గల్ఫు దేశములలో పనులు విస్తరించెను. నాఁటి తరువాత కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములనుండి వేలకొలఁది జనులు అచ్చటికిఁ బోవుచు వచ్చుచు నున్నారు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మలు పల్లెలలో ఈ సంగతి యెఱుఁగని యిల్లరుదు. అయినను అనేకులు ఒక్క అరబీ మాటయైన నేర్వక విమాన మెక్కుచున్నారు. ఇది తగదని నా యభిప్రాయము.

ఉల్లిగడ్డను అరబీలో బసల్ అందురు. ఒక్క గడ్డయైనచో బసలా. ఇందలి సకారమును నాలుక వెనుకభాగము పైకెత్తి బరువుగాఁ బలుకవలెను. ఉర్దూ వచ్చును గదా, చాలునని కొందఱందురు. హాజరు, జవాబు, తారీఖు అరబీనుండి వచ్చినవే. కాని ప్యాజ్ పారసీక పదము. కావున ఉర్దూ కొంతదూరము తోడువచ్చునే గాని గమ్యము చేర్పదు.

మిషను పాఠశాలలో అరబీ యేల యని తలిదండ్రులు శంకింపవచ్చును. అరణ్యమున మన్నాతో విసిగిన ఇశ్రాయేలీయులు ఐగుప్తులోని ఉల్లిని తలఁచుకొనిరని సంఖ్యాకాండము 11వ అధ్యాయమునఁ జదువుచున్నాము. ఉల్లికి హెబ్రీ పదము బాసాల్. బసల్, బాసాల్ ఒక్క తల్లి బిడ్డలు. పెంతెకొస్తు దినమున దేవుని గొప్పకార్యములను తమ భాషలో వినినవారిలో అరబీయులును గలరు. 1865లో బేరూతునందు ముద్రింపఁబడిన అరబీ బైబిలును అరబు క్రైస్తవులు నేఁటికిని జదువుచున్నారు. భాష యే యొక్క మతమువారి సొత్తును గాదు.

అయితే బసల్ వద్దనే నిలిచిపోరాదు. తెమ్ము, పొమ్ము అను ఆజ్ఞలు మాత్రమే నేర్చినవాఁడు చెప్పిన పని చేయఁగలఁడు గాని, తన కష్టము చెప్పుకొనలేఁడు. జీతము రాతిబ్, సెలవు ఇజాజా, ఒడంబడిక అఖ్ద్, ఆసుపత్రి ముస్తష్ఫా. బసల్ తెచ్చి యిచ్చిన చేయి రాతిబ్ అడుగుటకును జాఁపఁబడవలెను. అర్థము తెలియని కాగితముపై వ్రేలిముద్ర వేయుటకంటె గొప్ప ఆపద మఱియొకటి లేదు. ఇండ్లలో వంటపనికిఁ బోవు స్త్రీలకు ఈ మాటలు మఱింత యవసరము.

కావున 9, 10 తరగతులవారికి వారమునకొక గంట ఈ వ్యవహార పదములు నేర్పవలెనని కోరుచున్నాను. ఇందుకు గొప్ప పుస్తకములు వలదు. సెలవుపై వచ్చిన తండ్రులే ఉపాధ్యాయులు కావచ్చును. విద్యార్థులారా, మీ యింటివారు పలుకు అరబీ మాటలను విని నవ్వకుఁడు. తెలుఁగు లిపిలో వ్రాసికొనుఁడు. మీరందఱు పరదేశమునకుఁ బోవలెనని నా భావము కాదు. పోవలసివచ్చినచో నోరు గలవారై పోవుఁడు.