ప్రజా విజ్ఞానానికి నిధుల కోత: మౌనం తగదు

రైల్వే, తపాలా కార్మిక సోదర సోదరీమణులారా!

1976లో 42వ సవరణ ద్వారా మన రాజ్యాంగంలో 51-ఎ అధికరణం చేర్చబడినది. శాస్త్రీయ దృక్పథాన్ని, మానవతావాదాన్ని, జిజ్ఞాసను, సంస్కరణాభిలాషను పెంపొందించుట ప్రతి పౌరుని విధి అని అందులో స్పష్టంగా వ్రాయబడి ఉన్నది. విధిని పౌరునిపై మోపిన ప్రభుత్వం, ఆ విధి నిర్వహణకు కావలసిన సాధనాలను సమకూర్చవలెనా, అక్కరలేదా? గత కొన్ని సంవత్సరాలుగా కేంద్ర ప్రభుత్వ చర్యలు చూడగా, అక్కరలేదన్నదే దాని సమాధానంగా కనబడుచున్నది. దీనిని మేము తీవ్రంగా ఖండిస్తున్నాము.

విజ్ఞాన ప్రచారం విద్యాధికుల కాలక్షేపమని, కార్మికులకు దానితో నిమిత్తం లేదని తలచేవారు భోపాల్‌ను జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. 1984 డిసెంబరు 2-3 తేదీల రాత్రి యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుండి వెలువడిన మిథైల్ ఐసోసయనేట్ వాయువు బస్తీలను కమ్ముకున్నది. అక్కడ నిల్వ ఉన్నదేమిటో, అది బయటపడితే ఏమి చేయవలెనో ఆ ప్రజలకు ఎవరూ చెప్పలేదు. తడిగుడ్డ ముఖానికి అడ్డుపెట్టుకొనవలెనన్న ఒక్క మాట ముందుగా చెప్పి ఉంటే ఎన్ని ప్రాణాలో నిలిచేవి. ఆ రాత్రి డిప్యూటీ స్టేషన్ సూపరింటెండెంటు గులాం దస్తగీర్, గోరఖ్‌పూర్ నుండి వచ్చిన ఎక్స్‌ప్రెస్‌ను నిర్ణీత సమయానికి ముందే సాగనంపి ప్రయాణికులను కాపాడినారు. విధులలో ఉన్న రైల్వే సిబ్బందిలో పలువురు ప్రాణాలర్పించినారు. తెలియనితనానికి మూల్యం చెల్లించేది ఎవరో మన వర్గానికి వేరే చెప్పనక్కరలేదు.

1987లో దేశం నలుమూలల నుండి సాగిన భారత జన విజ్ఞాన జాతాలు నవంబరు 7న, సి.వి. రామన్ జన్మదినాన, భోపాల్‌లోనే కలుసుకొనుట కాకతాళీయం కాదు. 1982లో ఏర్పడిన జాతీయ శాస్త్ర సాంకేతిక ప్రసార మండలి వాటికి అండగా నిలిచినది. ప్రజాధనం ప్రజల ప్రశ్నలకు ఖర్చయిన సందర్భమది. ఆ జాతాల వెనుకనే 1988లో మన ప్రాంతంలో జన విజ్ఞాన వేదిక వెలసినది. ఆ కార్యకర్తలే అనంతరం అక్షరాస్యతా ఉద్యమంలోనికి దిగినారు. నెల్లూరు జిల్లాలో అక్షరాలు దిద్దిన స్త్రీలు దూబగుంటలో సారా దుకాణం మూయించినారు. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధింపబడినది. తెలుసుకొన్న ప్రజలు ప్రశ్నిస్తారు. పాలకులకు గిట్టనిది ఇదేనని మా విశ్వాసం.

ఇక కోతల చరిత్ర చూడుడు. 2007 అక్టోబరు 30న ఢిల్లీలో ప్రారంభమైన సైన్స్ ఎక్స్‌ప్రెస్, పదహారు బోగీలతో స్టేషన్ల ప్లాట్‌ఫారాలనే ప్రదర్శనశాలలుగా మార్చినది. కోటిన్నరకు పైగా ప్రజలు టిక్కెట్టు లేకుండా చూచినారు. దానిని నడిపినది, నిలిపినది, కాపలా కాసినది మన సోదరులే. 2017 తరువాత అది పట్టాలెక్కలేదు. 1989లో స్థాపించబడిన విజ్ఞాన్ ప్రసార్ సంస్థ 2023లో మూసివేయబడినది. 1914 నుండి సాగుచున్న సైన్స్ కాంగ్రెస్‌కు ఆ సంవత్సరమే నిధులు ఉపసంహరింపబడగా, 2024 జనవరిలో అది జరుగలేదు. లెక్కలలో అవకతవకలున్నవని చెప్పినారు. లెక్క తప్పితే లెక్క సరిచూడవలెను గాని, ఎలుకలున్నవని ఇంటికి నిప్పు పెట్టుకొందురా?

డబ్బు లేదందురా? 2013 నాటి విధానపత్రం పరిశోధనకు జాతీయోత్పత్తిలో 2 శాతం లక్ష్యంగా చెప్పినది. 2020-21 నాటికి మన వ్యయం 0.64 శాతమే. అయినను 2025 జూలైలో ప్రైవేటు రంగ పరిశోధనకు తక్కువ వడ్డీకి, వడ్డీ లేకుండా కూడ దీర్ఘకాలిక ఋణాలిచ్చుటకు లక్ష కోట్ల రూపాయల పథకాన్ని కేంద్ర మంత్రివర్గం ఆమోదించినది. పరిశ్రమలకు పరిశోధన వద్దని మేము అనుట లేదు. యజమానుల విజ్ఞానానికి లక్ష కోట్లు దొరికిన ఖజానాలో, ప్రజల విజ్ఞానానికి నడిచే ఒక సంస్థను నిలుపుకొను పాటి సొమ్ము లేదనుట నమ్మశక్యమా?

ఒకే పనికి అనేక సంస్థలు అనవసరమని, సెల్‌ఫోన్‌లో సమస్తం లభిస్తున్నదని మరికొందరి వాదన. సెల్‌ఫోన్‌లో శాస్త్రంతోపాటు వదంతి కూడ వచ్చుచున్నది. రెంటికీ భేదం తెలియుటకు గురువు, గ్రంథం, ప్రదర్శన, చర్చ కావలెను. వాటికే కోత పడుచున్నది.

పోరాడితే ఫలితముంటుందా అని నిరాశపడనవసరం లేదు. 2024 డిసెంబరులో చౌకగా పుస్తకాలు చేరవేసే రిజిస్టర్డ్ బుక్ పోస్టు హఠాత్తుగా నిలిపివేయబడినది. ప్రచురణకర్తలు, పాఠకులు గొంతెత్తినారు. 2025 మే 1 నుండి జ్ఞాన్ పోస్టు పేరిట, 300 గ్రాములకు 20 రూపాయలు మొదలు 5 కిలోలకు 100 రూపాయల వరకు, విద్యా గ్రంథాలకు ప్రత్యేక సౌకర్యం కల్పింపక తప్పలేదు.

కావున మేము డిమాండు చేస్తున్నాము:

1. విజ్ఞాన్ ప్రసార్‌ను ప్రాంతీయ భాషల విభాగాలతో సహా పునరుద్ధరించవలెను.

2. సైన్స్ ఎక్స్‌ప్రెస్‌ను మరల నడుపవలెను. చిన్న స్టేషన్లలోను ఆపవలెను.

3. విజ్ఞాన గ్రంథాలకు, పత్రికలకు తపాలా రాయితీలను చట్టబద్ధం చేయవలెను.

4. విజ్ఞాన ప్రచార కేటాయింపులను బడ్జెట్‌లో ప్రత్యేకంగా చూపవలెను.

ప్రతి శాఖ ఫిబ్రవరి 28న, జాతీయ విజ్ఞాన దినాన, సభ జరిపి ఈ డిమాండ్లపై తీర్మానం చేసి, స్థానిక పార్లమెంటు సభ్యునకు పంపవలెనని కోరుతున్నాము. తీర్మానంతో ఆగక, స్టేషన్లలో, తపాలా కార్యాలయాలలో ప్రజల సంతకాలు సేకరించవలెను. ఈ దేశంలో ఉత్తరాన్ని, మనిషిని మారుమూల గ్రామం వరకు చేర్చినది మనమే. విజ్ఞానాన్ని కూడ అంత దూరం చేర్చగలము. దారి మూయవద్దని పాలకులను హెచ్చరిస్తున్నాము.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!