ముందు నియామక పత్రం ఇవ్వండి

జీడిమెట్లలో చిన్న ఫ్యాక్టరీలకు జీతాల లెక్కలు చూస్తుంటాను. 2025 నవంబరు 21న 29 పాత చట్టాల స్థానంలో నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాక యజమానులు అడుగుతున్నది ఒక్కటే: అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే దాటినంతా వేతనం కిందికే వస్తుంది కదా, గ్రాట్యుటీ భారం ఎంత పెరుగుతుంది?

నియామక పత్రం గురించి ఎవరూ అడగరు. ప్రెస్ మీద పనిచేసే ఒడిశా కుర్రాడి పేరు మస్టర్‌లో ఉంటుంది, అతని చేతిలో మాత్రం ఒక్క కాగితమూ ఉండదు. మానేస్తే బకాయి కోసం గేటు చుట్టూ తిరగాల్సిందే. ఇప్పుడు రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. నిర్ణీతకాల ఉద్యోగికి ఏడాదికే గ్రాట్యుటీ ఇవ్వాలి. చేరిన తేదీకి రుజువేదీ?

300 మందికి తక్కువున్న ఫ్యాక్టరీల్లో తొలగింపులకు ప్రభుత్వ అనుమతి అక్కర్లేదన్నారు, నాకది నచ్చలేదు. అంత వెసులుబాటు దక్కిన యజమానులారా, ఈ నెల జీతంతోపాటే ఆ కాగితమూ చేతికివ్వండి.