పింగ్ వస్తోంది కదా, ఇంకేం కావాలి?!

మన ఐటీ వాళ్ళకి ఒక జబ్బుంది. దేనికైనా ఐపీ అడ్రసు ఉందని తెలిస్తే చాలు, అది మన తాతగారి ఆస్తి అయిపోయినట్టు మాట్లాడతాం. సర్వరైనా, ప్రింటరైనా, ఫ్యాక్టరీలో బాయిలర్ని నడిపే పీఎల్‌సీ అయినా మనకి ఒకటే. "పింగ్ వస్తోందా? వస్తోంది. అయితే వీపీఎన్ ఇచ్చేద్దాం, ప్రోగ్రాం ఇంట్లోంచే మార్చుకోండి". ఇండస్ట్రీ 4.0 అని పేరు పెట్టిన మీటింగుల్లో ఈ ముక్క ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. విన్న ప్రతిసారీ ఒళ్ళు మండుతుంది. ఇవాళ ఆ మంట కాస్త ఇక్కడ కక్కేస్తాను, భరించండి.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. సెన్సార్లు చదవడం, లాజిక్ నడపడం, మోటార్లకీ వాల్వులకీ అవుట్‌పుట్ రాయడం.. పీఎల్‌సీ చేసేది ఈ మూడే. కాకపోతే మిల్లీసెకన్ల లెక్కన, రాత్రీ పగలూ ఆగకుండా చేస్తుంది. 1979లో మోడికాన్ వాళ్ళు దీనితో మాట్లాడ్డానికి మోడ్‌బస్ అనే భాష రాశారు. అప్పట్లో అది సీరియల్ కేబుల్ మీద నడిచేది. కేబుల్ పట్టుకున్నవాడు ప్యానెల్ ముందు నించోవాలి. ప్యానెల్ దాకా రావాలంటే గేటు దగ్గర వాచ్‌మన్‌ని దాటాలి, షిఫ్ట్ ఇన్‌ఛార్జి కంట్లో పడాలి. కాబట్టి పాస్‌వర్డు లేదనుకోకండి. ఉంది. దాని పేరు ప్రహరీగోడ.

తరవాత మనం చేసిన ఘనకార్యం ఏంటంటే, అదే భాషని పట్టుకెళ్ళి టీసీపీ మీద కూర్చోబెట్టాం. మోడ్‌బస్‌కి పోర్టు 502, సీమెన్స్ ఎస్7కి 102, రాక్‌వెల్ వాడే ఈథర్‌నెట్/ఐపీకి 44818. గోడ పడగొట్టాం, ఆ స్థానంలో ఏమీ కట్టలేదు. మోడ్‌బస్ ప్యాకెట్లో యూనిట్ నంబరు, ఫంక్షన్ కోడు, రిజిస్టరు అడ్రసు, విలువ ఉంటాయి. పంపినవాడెవడో నిరూపించే గడి మాత్రం లేదు. ఫంక్షన్ కోడు 6తో ఒక అంకె పంపితే రాసేసుకుంటుంది, "ఎవరు బాబూ నువ్వు" అని అడగదు. 2024 జనవరిలో ఉక్రెయిన్లోని లివివ్‌లో ఇదే జరిగింది. ఎవడో హీటింగ్ కంట్రోలర్లకి మోడ్‌బస్ ఆజ్ఞలు పంపాడు. గడ్డకట్టే చలిలో 600 పైచిలుకు అపార్ట్‌మెంట్ భవనాలు దాదాపు రెండ్రోజులు వేడి లేకుండా వణికాయి.

"అది పాత ప్రోటోకాల్ గురూ, కొత్తవాటిలో ఎన్‌క్రిప్షన్ ఉంది" అంటారు. ఉంది, కాదనను. అదెలా ఉండేదో కూడా వినండి. రాక్‌వెల్ కంట్రోలర్లు తమ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌ని గుర్తుపట్టడానికి వాడే కీని బయటకి లాగొచ్చని 2021 ఫిబ్రవరిలో బయటపడింది. తీవ్రత పదికి పది మార్కులు! సీమెన్స్ ఎస్7-1200, 1500లలో ఒక్కో మోడల్ కుటుంబం మొత్తానికి ఒకటే ప్రైవేట్ కీ ఉండేదని 2022 అక్టోబర్లో తేలింది. కాలనీలో అన్ని ఇళ్ళకీ ఒకటే తాళంచెవి అన్నమాట. టీఐఏ పోర్టల్ 17వ వెర్షన్ నుంచి దాన్ని సరిచేశారు, సంతోషం. కానీ నడుస్తున్న ప్లాంటులో ఫర్మ్‌వేర్ మార్చాలంటే లైను ఆపాలి. లైను ఎవడు ఆపుతాడు? మన దగ్గరలాగా ఆదివారం రాత్రి రెండింటికి రీబూట్ కొట్టి పడుకునే వ్యవహారం కాదది.

ఇక 2023 నవంబర్లో అమెరికాలో అలిక్విపా అనే ఊరి నీటి సంస్థ కథ. యూనిట్రానిక్స్ పీఎల్‌సీ నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి ఉంది. ఆ పరికరాలకి ఫ్యాక్టరీ నుంచి వచ్చే పాస్‌వర్డు 1111. మా అత్తయ్య సూట్‌కేసుకి కూడా ఇంతకన్నా మంచి నంబరు ఉంటుంది :)

సరే, వీపీఎన్ పెడితే? సొరంగం గట్టిదే. సొరంగం అవతలి చివరున్న లాప్‌టాప్ సంగతేంటి? 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ ఏ ఫైర్‌వాల్‌నీ బద్దలుకొట్టి పీఎల్‌సీని చేరలేదు. ఇంజనీరు కంప్యూటర్లో స్టెప్ 7 సాఫ్ట్‌వేర్ వాడుకునే ఒక డీఎల్ఎల్‌ని మార్చేసింది. ఇంజనీరు బ్లాక్ తెరిచి చూస్తే తను రాసిన కోడే కనిపిస్తుంది, లోపల నడిచేది వేరు. ఆ లాప్‌టాప్‌కి మనం పరిచే ఎర్ర తివాచీ పేరే వీపీఎన్.

హ్యాకర్ల మాట పక్కన పెడదాం. నాకు వాళ్ళకన్నా మన మంచివాళ్ళంటేనే భయం ఎక్కువ. ఒకేలాంటి రెండు లైన్లు, ఒకే ప్రాజెక్టుని కాపీ చేసి పెట్టిన రెండు పీఎల్‌సీలు, రెండింటికీ పక్కపక్క అడ్రసులు. కొండాపూర్ ఫ్లాట్‌లో కూర్చున్న ఇంజనీరు మొదటి లైన్ అనుకుని రెండో లైనుకి డౌన్‌లోడ్ నొక్కాడనుకోండి. చాలా మార్పులకి సీపీయూ ఆగి మళ్ళీ లేవాలి. ఆ క్షణంలో రెండో లైన్ దగ్గర ఎవరో గార్డు తీసి సెన్సార్ సర్దుతూ ఉంటారు. మెయిన్ ఆపి తాళం వేసి పని చేయాలన్నది రూలు. ఆ రూలు ఎన్నిచోట్ల పాటిస్తారో షాప్ ఫ్లోర్ మీద ఒక్క షిఫ్ట్ నించుంటే తెలుస్తుంది.

సీమెన్స్ సాఫ్ట్‌వేర్లో కనెక్ట్ అయ్యేచోట "ఫ్లాష్ ఎల్ఈడీ" అని ఒక చిన్న టిక్ ఉంటుంది. నొక్కితే పీఎల్‌సీ మీద లైట్లు మిణుకుమంటాయి. సరైన పెట్టెకే తగులుకున్నామా అన్నది కళ్ళతో చూసుకోడానికి. అంటే తయారుచేసినవాడికే తెలుసు, స్క్రీన్ మీద కనిపించే పేరుని నమ్మకూడదని. కొండాపూర్ నుంచి ఆ మిణుకు ఎవరు చూస్తారండీ?

రిమోట్ మొత్తం వద్దనడం లేదు. చూడటం వేరు, రాయడం వేరు. మీ డాష్‌బోర్డుకి టెంపరేచర్ కావాలా, మధ్యలో ఒక గేట్‌వే పెట్టి చదువుకోండి, ఎవరొద్దన్నారు? రాయాలంటే మాత్రం ప్యానెల్ దగ్గర ఒక మనిషి ఉండాలి. చాలా పీఎల్‌సీల ముందు ఇప్పటికీ ఒక తాళం ఉంటుంది, రన్, ప్రోగ్రాం అని. పైసా ఖర్చులేని ఫైర్‌వాల్ అది. 2017లో సౌదీలో ఒక పెట్రోకెమికల్ ప్లాంటు సేఫ్టీ కంట్రోలర్లోకి ట్రైటన్ మాల్‌వేర్ దూరింది. ఆ తాళాన్ని ప్రోగ్రాం దగ్గరే వదిలేయడం దానికి కలిసొచ్చింది. ఎందుకలా వదిలేస్తారంటారా? మళ్ళీ సైటుకి రావడం ఎవరికీ ఇష్టం ఉండదు కాబట్టి. వెండార్‌కి రేపు ఇంకో సైటు, మేనేజర్‌కి టీఏ బిల్లు బాధ, మనకి ట్రాఫిక్ బాధ.

పాత ఎక్స్‌పీ లాప్‌టాప్ మోసుకుని తిరిగే ఆటోమేషన్ ఇంజనీర్ని చూసి మనవాళ్ళు నవ్వుతారు. వాడి దగ్గర తాళంచెవి ఉంటుంది, ప్యానెల్ తలుపు తీసి లోపల పెట్టె చూస్తాడు, మెషీన్ దగ్గరున్న మనిషిని "అన్నా, కాస్త పక్కకి జరుగు" అంటాడు. ఆ తరవాతే డౌన్‌లోడ్ నొక్కుతాడు. మీ టూల్లో ఆ "పక్కకి జరుగు" అనే బటన్ ఎక్కడుందో చూపించండి, వీపీఎన్ రిక్వెస్టు మీద నేనే దగ్గరుండి సంతకం పెట్టిస్తాను. అప్పటిదాకా గచ్చిబౌలి నుంచి పటాన్‌చెరుకి వెళ్ళడమే. క్యాబ్ బిల్లు ప్రాజెక్టు ఖర్చులో రాయండి.